కప్పులోంచి దిగాల్సిన మనిషి

శుక్రవారం

నాకూ చిన్నదానికీ మాటల్లేవు. ఇవాళ్టి నుంచి. నేను మొదలుపెట్టలేదు.

శనివారం

నేను మొదలుపెట్టలేదని నిన్న రాశాను. ఇవాళా అదే అంటాను.

జరిగిందింతే. కోటు సరిచూసుకోవడానికి బ్యాంకావిడ వచ్చింది. అద్దం ముందు నిలబడి చెయ్యెత్తితే చంక దగ్గర పట్టేసింది. అది చిన్నది కుట్టిన చెయ్యి. నేను బ్లేడు తీసి అక్కడికక్కడే కుట్లు విప్పేశాను. విప్పక ముద్దు పెట్టుకోమంటారా? చిన్నది ముఖం ఎర్రగా చేసుకుని, "అయితే నీ పని నువ్వే కుట్టుకో అక్కా" అని లేచిపోయింది. పరాయి మనిషి ముందు నన్నలా అనొచ్చా?

పదేళ్లుగా పక్కపక్క మిషన్ల మీద కూర్చుంటున్నాం. మరిది పెళ్లి చేసుకుని తీసుకొచ్చిన రోజున దానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. తోడికోడలు కదా అని దగ్గర కూర్చోబెట్టుకుని అంతా నేనే నేర్పాను. ఆ సంగతి నేను ఎవరి దగ్గరా అనను. ఇక్కడ రాసుకుంటున్నాను, అంతే.

కోటు పూర్తి చేశాను. బాగానే వచ్చింది. బాగుందని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

ఆదివారం

సండేస్కూల్లో నా పాఠం అయ్యాక పాస్టరమ్మ వచ్చే వారం కథ చెప్పింది. పక్షవాయువు వచ్చిన మనిషిని నలుగురు స్నేహితులు పరుపుతో సహా మోసుకొస్తారు. గుమ్మం నిండా జనం. లోపలికి దారి లేక ఇంటి కప్పు విప్పి, ప్రభువు ముందుకు దించుతారు. "పిల్లలు చేత్తో పట్టుకుని ఆడుకునేలా ఏదైనా తయారుచెయ్యండి. మీది కుట్టుపని కదా, మీకెంతసేపు" అంది. అందరూ ఇదే మాట. మాకు చేతులు పదేసి ఉంటాయనుకుంటారు.

పోయినసారి దూది అంటించిన గొర్రెపిల్లల్ని ఇస్తే ఒకడు తన గొర్రెకి దూదంతా పీకేసి, "ఎండాకాలం కదా టీచర్, ఉక్కపోస్తుంది" అన్నాడు. ఈసారి పీకడానికి వీల్లేనిది చెయ్యాలి.

బొమ్మలకి కళ్లు, ముక్కులు ఎప్పుడూ చిన్నదే వేస్తుంది. ఈసారి నేను వేస్తాను. అదేమైనా బ్రహ్మవిద్యా?

సోమవారం

ముందు గదిలో కిటికీ వైపు నా మిషను, గోడ వైపు దాని మిషను, మధ్యలో అత్తయ్య స్టూలు. అత్తయ్య ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. కుట్టు రాదు. వేలాడే దారాలు కత్తిరిస్తుంది, గుండీలు ఏరి ఇస్తుంది, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి వాళ్ల జబ్బులు కనుక్కుంటుంది.

"అత్తయ్యా, నల్ల జిప్పు ఎక్కడ పెట్టిందో అడగండి" అన్నాను. చిన్నది నాకు బారెడు దూరంలో కూర్చుని ఉంది.

"నల్ల జిప్పు ఎక్కడ పెట్టావని అడుగుతోందే" అంది అత్తయ్య.

"కింది సొరుగులో ఉందని చెప్పండి."

"కింది సొరుగులో ఉందట. కళ్లు పెట్టుకుని వెతుక్కోమంటోంది."

"అయ్యో అత్తయ్యా, ఆ మాట నేనలేదు!"

"నువ్వనలేదులే. నేనంటున్నాను."

మధ్యాహ్నానికి ఇలా ఓ యాభై మాటలు మోసింది. సాయంత్రం స్టూలు ఎత్తుకుపోయి వంటింట్లో వేసుకుంది. "మీ మధ్య కూర్చుంటే నాకు మెడ పట్టేసింది. ఆసుపత్రిలో కూడా ఇంత అటూ ఇటూ తిరగలేదు" అంది. మా ఆయనా మరిదీ ఏమీ ఎరగనట్టు పేపరు చెరి సగం చేసుకుని చదివారు. ఆ పేపరు నిన్నటిది.

మంగళవారం

నమూనా తయారైంది! నేనే రాసుకోవాలి కాబట్టి రాసుకుంటున్నాను: అద్భుతంగా ఉంది.

చెప్పుల షాపతను ఇచ్చిన అట్టపెట్టె బోర్లిస్తే ఇల్లు. ముందు వైపు గుమ్మం కోశాను. పైన చదరంగా కన్నం, అది కప్పు. పరదాల గుడ్డలో మిగిలిన ముక్కతో అరచేతంత పరుపు కుట్టి చుట్టూ అంచు కూడా వేశాను. అంచు లేకుండా ఏదీ నా చేతి మీంచి పోదు. పరుపు నాలుగు మూలలకీ నాలుగు దారాలు, ఆ నాలుగూ పైన ఒక పుల్లకి కట్టాను. పరుపు మీద గుడ్డ మనిషి. మొదట్లో మరీ తేలికై పక్కకి ఊగుతున్నాడని కడుపులో ఒక కోటు గుండీ పెట్టి కుట్టేశాను. జారిపోకుండా నడుం దగ్గర పరుపుకి రెండు కుట్లు వేశాను.

పుల్ల పట్టుకుని మెల్లగా దించాను. ఎంత హుందాగా దిగాడో! కప్పులోంచి గదిలోకి, గదిలోంచి నేల మీదికి, ఎక్కడా తొణకలేదు. మళ్లీ ఎత్తి దించాను. ఇంకోసారి. ఊరికే, దారం గట్టిదో కాదో చూద్దామని. చిన్నది ఓరగా చూసింది. నేను చూడలేదనుకుంది. కాస్త ఎత్తి పట్టుకుని దించాను, దానికి కూడా కనిపించాలి కదా అని కాదు, వెలుతురు కోసం.

ముఖం మాత్రం కోపంగా వచ్చింది. ఎన్నిసార్లు గీసినా కనుబొమలు కిందికే వస్తున్నాయి. రోగి కదా, నవ్వుతూ ఉంటాడా ఏమిటి.

బుధవారం

కూరగాయలు తరుగుతూ అత్తయ్య చెప్పింది. పెద్ద వీధిలో రెడీమేడ్ షాపు లేదూ, దాని మేడ మీద కుట్టు గది ఉంది. వాళ్లు చిన్నదాన్ని పనిలోకి రమ్మన్నారట. వచ్చే సోమవారం నుంచి. పొద్దున్నే వ్యాను వచ్చి ఎక్కించుకుంటుందట, సాయంత్రం దింపుతుందట. ఇది సరేనందట.

మంచిదే. చాలా మంచిది. దాని మిషను లోపలికి జరిపేస్తే గోడ వైపు పెద్ద కటింగ్ బల్ల వేసుకోవచ్చు. ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను.

గురువారం

బల్ల కోసం గోడ కొలిచాను. సరిపోదు.

మళ్లీ కొలిచాను. సరిపోతుంది. కానీ గది బోసిగా ఉంటుంది. అంత పెద్ద బల్ల వేసినా బోసిగా ఎందుకుంటుందో నాకే అర్థం కాలేదు.

శుక్రవారం

పళ్ల డాక్టరు క్లినిక్కి పరదాలు. నీలం గుడ్డ గదంతా పరుచుకుని, ఎటు చూసినా సముద్రంలా ఉంది. అందులో నేనో మూల, చిన్నదో మూల. అది ఒక చిన్న పిల్ల పుట్టినరోజు గౌను కుడుతోంది, సోమవారం పొద్దున ఇవ్వాలి. గులాబి రంగు. నడుం దగ్గర కుచ్చులు వస్తాయి కాబోలు. ఎలా వేస్తోందో అడగాలని ఉంది. వేరే పని పెట్టుకోకుండా చూస్తూ కూర్చున్నా తప్పులేనంత బాగుంది. అడగలేదు.

ఇవాళ రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి అది ఆవలింతైంది. ఇంకోసారి "అత్తయ్యా" అయింది.

సండేస్కూలు పిల్లలందరికీ పెట్టెలు కోయడం అయిపోయింది. పరుపులు అయిపోయాయి. కోపిష్టి రోగులందరూ బల్ల మీద వరసగా పడుకున్నారు. దారాలు కట్టడమే మిగిలింది. తీరా చూస్తే నా దగ్గర లావు తెల్లదారం నమూనాతోనే అయిపోయింది.

"అత్తయ్యా, ఆవిడ దగ్గర లావు తెల్లదారం ఉందేమో అడగండి" అన్నాను.

"నేనెవర్నీ ఏమీ అడగను. నా నోరు అరిగిపోయింది" అంటూ అత్తయ్యే లేచింది. చిన్నది అప్పుడు పెరట్లో ఉంది. అత్తయ్య దాని పెట్టె తెరిచి దారం చుట్ట తీసుకుని వంటింట్లో కూర్చుని కట్టడం మొదలుపెట్టింది. పరదాల మధ్యలోంచి లేచే వీలు లేక నేను వెళ్లలేదు.

సాయంత్రం ముడులు చూశాను. ఆసుపత్రి ముడులు! మనిషి ఊడినా ముడి ఊడదు.

శనివారం

పరదాలు ఇచ్చి వచ్చాను. పెట్టెలన్నీ ఒకదానిలో ఒకటి దూర్చి, రోగుల్ని సంచిలో వేసి కట్టాను. అన్నీ చూసుకున్నాను. అంటే ముడులు చూసుకున్నాను కదా.

చిన్నది తన కత్తెర, కొలత టేపు, అంగుస్తాను ఒక గుడ్డ సంచిలో సర్దుకుంది. షాపులో ఇవన్నీ ఇవ్వరా? ఇవ్వరేమో. ఆ అంగుస్తాను నేను కొనిచ్చిందే. తీసుకెళ్లనీ. వేలికి సూది గుచ్చుకోకుండా ఉంటుంది.

ఆకలి లేదు.

ఆదివారం

చర్చి వెనక గదిలో ఇవాళ జరిగింది రాయకపోతే నా పొట్ట పగిలిపోతుంది.

చిన్నది ప్రతి వారంలాగే బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. నేను కథ చెప్పాను. బాగా చెప్పాననే అనుకుంటున్నాను. మోసేవాళ్ల చెమట, కప్పు విప్పుతుంటే కింద వాళ్ల నెత్తిన రాలిన మట్టి, అన్నీ చెప్పాను. పిల్లలు కళ్లార్పలేదు. "ఇప్పుడు మీరే ఆ స్నేహితులు. పుల్ల పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా దించండి. పాపం, కదల్లేని మనిషి" అన్నాను.

దించారు.

కదల్లేని మనిషి నేల తాకాడు. తాకి పైకి లేచాడు. మళ్లీ తాకాడు, మళ్లీ లేచాడు. గదిలో ఉన్న రోగులందరూ ఒక్కసారిగా గంతులు వేయడం మొదలుపెట్టారు. ఇంటింటా గంతులే.

"టీచర్, మావాడికి అప్పుడే నయమైపోయింది!" అని ఒకడు అరిచాడు. వాడే, గొర్రెకి దూది పీకినవాడు.

"ఆగండి, ఆగండి, ఇంకా ప్రభువు ఏమీ అనలేదు" అన్నాను. ఎవరు వింటారు? వాడు గుమ్మంలోంచి చెయ్యి పెట్టి రోగి కాళ్లు పట్టుకుని కిందికి లాగి వదిలాడు. రోగి పరుపుతో సహా కప్పులోంచి రివ్వున లేచి, వాడి చెవి పక్కనుంచి పోయి వెనక్కి వచ్చాడు. అంతే. అందరూ లాగడం, అందరూ వదలడం. గుండీ కడుపుల రోగులు గాల్లో టపటపా కొట్టుకుంటున్నారు. ఆ కోపపు ముఖాలతో ఎగురుతుంటే, ఎవరో వాళ్లని నిద్రలోంచి లేపినట్టుంది.

సరిగ్గా అప్పుడే పాస్టరమ్మ వచ్చింది. ఒక రోగి వెళ్లి ఆవిడ కళ్లజోడుకి తగిలాడు.

"ఏమిటిది? ఇవాళ ఏం పాఠం?" అంది కళ్లజోడు సర్దుకుంటూ.

"విశ్వాసం అమ్మగారూ" అంది ముందు వరసలో పిల్ల. "ఎక్కువైంది."

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. నేల మీద పడ్డ ఒక పరుపు తీసి దారం లాగి చూశాను. సాగింది. ఇంకా సాగింది. వదిలితే వచ్చి వేలికి చుర్రున తగిలింది. ఏమిటిది అని నేను అనుకునే లోపలే గుమ్మంలోంచి కేక వినపడింది.

"అక్కా! అది నా ఎలాస్టిక్ దారం! గౌను నడుముకి తెచ్చుకున్నది!"

అదేం అందో నాకు సగమే వినపడింది. "అక్కా" అన్నది వినపడింది. అందరి ముందూ, నా వైపు చూసి, మధ్యలో అత్తయ్య లేకుండా. ఆ తర్వాత దాని పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు. బిస్కెట్ల డబ్బా పొట్టకి అదుముకుని, తలుపు పట్టుకుని నవ్వుతోంది. దాన్ని చూసి నాకూ ఆగలేదు. నేను కుర్చీలో కూలబడ్డాను. పాస్టరమ్మ మా ఇద్దరినీ చూసి, ఒక పెట్టె తీసుకుని, ఎవరూ చూడటం లేదనుకుని తనూ ఒకసారి లాగి వదిలింది.

బిస్కెట్లు పంచుతుంటే ముందు వరస పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, మరి ఆ ఇంటి కప్పు పాడైంది కదా. ఎవరు బాగుచేశారు?"

ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఆలోచించలేదు. చిన్నది వెంటనే అంది, "నయమైనవాడే నిచ్చెనేసుకుని ఎక్కి వేసుంటాడమ్మా. అంత చేసినవాళ్లకి ఆ మాత్రం చెయ్యడా?"

పిల్లలందరూ దానికి ఒప్పుకున్నారు.

ఆదివారమే, సాయంత్రం

ఇంటికొచ్చి అడిగితే అత్తయ్య తొణకలేదు. "దారం కొంచెం సాగుతోందని చూశాను. సాగితే మంచిదే అనుకున్నాను. కట్టు కట్టేటప్పుడు అలాగే ఉండాలి, లేకపోతే రక్తం ఆడదు" అంది. గుడ్డ మనిషికి రక్తం ఆడాలని ఆవిడ తాపత్రయం.

ఎలాస్టిక్ చుట్టలో మూరెడు కూడా మిగల్లేదు. గౌను రేపు పొద్దున ఇవ్వాలి. ఆదివారం, కొట్లన్నీ మూత. పిల్లల ఇళ్లకి వెళ్లి రోగుల కాళ్లు పట్టుకుందామా అంది చిన్నది. వద్దన్నాను. వాళ్లు ఇవ్వరు.

చేత్తోనే కుచ్చులు పెడదామన్నాను. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. గౌను నడుము అటు కొస దానిది, ఇటు కొస నాది. సూదులు మధ్యకి రావాలి. నవ్వినంతసేపు తేలికే, నవ్వు ఆగాక మళ్లీ కష్టమైంది.

"ఆ బ్యాంకావిడ కొలతలిచ్చాక లావైందక్కా" అంది ఉన్నట్టుండి. "నా కుట్టు తప్పు లేదు."

"నాకు తెలుసు."

సూది ఆపింది. "తెలిసీ ఎందుకు విప్పావు?"

"మీరు లావయ్యారని ఆవిడతో ఎలా చెప్పను? కుట్టు మీదికి తోసేస్తే అందరికీ మర్యాదగా ఉంటుందనుకున్నాను."

"అందరికీ!" అంది. "నేను తప్ప."

రెండు కుచ్చులు పెట్టాను. అవి వంకర పోతే విప్పి మళ్లీ పెట్టాను. అసలు అడగాల్సింది ఒకటుంది.

"రేపు వ్యాను ఎప్పుడొస్తుంది?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఎనిమిదికి."

"ఏమైనా తిని వెళ్లు."

చూశారా? ఇన్నాళ్లుగా లోపల ఉడికి ఉడికి నా నోట్లోంచి వచ్చిన మాట అది. ఏమైనా తిని వెళ్లు.

"తింటాలే" అంది. కొంచెం ఆగి, గౌను వైపే చూస్తూ అంది, "వెళ్లొద్దని ఒక్కరూ అనలేదక్కా. ఆయన్ని అడిగితే 'నీ ఇష్టం' అన్నాడు. అత్తయ్యని అడిగితే 'నీ ఇష్టమే తల్లీ' అంది. నువ్వు..."

"నేను?"

"నువ్వు గోడ కొలిచావు."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను గోడ కొలవడం అది చూసిందా! రెండుసార్లూ చూసే ఉంటుంది.

"బల్ల పట్టదు" అన్నాను.

"పడుతుంది. నేనూ కొలిచాను."

అప్పుడింక నావల్ల కాలేదు. "వెళ్లొద్దే" అన్నాను. "గోడ పాడుగాను. బల్లా వద్దు, ఏమీ వద్దు. నువ్వెళ్తే నేనెవరితో మాట్లాడాలి?"

"ఇన్నాళ్లూ మాట్లాడకుండానే ఉన్నావుగా."

"నువ్వు ఎదురుగా ఉంటే ఎన్నాళ్లయినా మాట్లాడకుండా ఉండగలను. నువ్వు లేకపోతే ఒక్క పూట కూడా ఉండలేను."

అనేశాక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గులాబి గుడ్డ మీద పడితే మరకవుతుందని ముఖం పక్కకి తిప్పుకున్నాను. అది సరే అనలేదు, కాదు అనలేదు. షాపువాళ్లకి మాటిచ్చిన మనిషి. నేను మాత్రం ఎలా బలవంతం చేస్తాను? మా సూదులు మధ్యలో కలిసే వరకూ కుట్టి, ముడి వేసి, గౌను విదిలించి వేలాడదీసింది. కుచ్చులు ఎలాస్టిక్‌తో వేసిన వాటికన్నా బాగున్నాయి.

దాని గుడ్డ సంచి ఇంకా తలుపు వెనక కొక్కేనికే ఉంది. అందులోది ఏదీ బయటికి తీయలేదు.

సోమవారం

పొద్దున ఎనిమిది కాకముందే నేను పనిలో కూర్చున్నాను. చేతులు ఖాళీగా ఉంటే మంచిది కాదని స్కూలు యూనిఫారం గుడ్డ పరిచి కత్తెర పెట్టాను. చిన్నది తన మిషను మీద గౌనుకి చివరి అంచు వేస్తోంది. తలదువ్వుకుని, చెప్పులు కూడా వేసుకుని కూర్చుంది. గుమ్మం వైపు నేను చూడలేదు. దాని వైపూ చూడలేదు. గీసిన గీత వెంట కత్తెర నడిపిస్తూ కూర్చున్నాను.

వీధిలో వ్యాను హారన్ కొట్టింది.

దాని మిషను ఆగలేదు. అంచు పూర్తి చేస్తోంది కాబోలనుకున్నాను. పని తెలిసిన మనిషి అంచు మధ్యలో లేవదు. నేను నేర్పిందే.

హారన్ మళ్లీ కొట్టింది. ఈసారి పొడుగ్గా. మిషను ఆగింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. నేను కత్తెర నడిపిస్తూనే ఉన్నాను.

"నేను వెళ్లి చెప్పనా? ఏం చెప్పమంటావు?" అంది వంటింట్లోంచి అత్తయ్య.

"మీరు కూర్చోండి అత్తయ్యా. నా మాట నేను చెప్పుకుంటాను" అంది చిన్నది.

కిటికీ నా వైపుంది కదా. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, నా మీంచి బయటికి వంగి, నా చెవి పక్కనే గొంతు చించుకుని అరిచింది.

"నేను రావట్లేదండీ! మా అక్క వద్దంది!"

వీధి వీధంతా విన్నది. పాలవాడు సైకిలాపి చూశాడు. నా కత్తెర జర్రున పక్కకి పోయింది. శుభ్రమైన కొత్త గుడ్డ, సరిగ్గా చొక్కా ముందు భాగంలో, జానెడు మేర వంకర. ఇంక అది దేనికీ పనికిరాదు.

గుడ్డ పోతే పోయింది. చెవి ఇంకా గింగురుమంటోంది. గింగురుమననీ.